చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రోగ్రామింగ్‌లోకి రావడం ఎలా? ఒక చీటీ లెక్కతో మొదలుపెట్టండి

ఇంజినీరింగ్‌లో టర్బో సి నీలం స్క్రీన్ మీద ప్రోగ్రాములు రాశారు. తర్వాత అమీర్‌పేట కోచింగ్‌లోనో, మొదటి ఉద్యోగంలోనో జావా, విజువల్ బేసిక్, ఒరాకిల్ నేర్చుకున్నారు. ఆ తర్వాత పిల్లలు, బదిలీలు, అమ్మానాన్నల ఆరోగ్యం, మేనేజర్ పదవి, సొంత వ్యాపారం... ఏదో ఒక కారణంతో ఎనిమిదేళ్ళో పదిహేనేళ్ళో కోడ్ జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు మళ్ళీ రాయాలని ఉంది. అలాంటి మీ కోసమే ఇది రాస్తున్నాను.

ఇలా తిరిగి వచ్చేవాళ్ళు చాలామంది ముందుగా ఒక పెద్ద వీడియో కోర్సు కొంటారు. కొన్ని వారాలకే అది ఆగిపోతుంది. "వయసు మీద పడింది, బుర్రకు ఎక్కడం లేదు" అనుకుంటారు. అసలు కారణం అది కాదు. ఆ కోర్సులు కొత్తవాళ్ళ కోసం తయారైనవి. మొదటి భాగమంతా వేరియబుల్ అంటే ఏమిటి, లూప్ అంటే ఏమిటి అని సాగుతుంది. మీకు అవన్నీ తెలుసు కాబట్టి విసుగు. తర్వాత ఒక్కసారిగా మీరు ఎప్పుడూ చూడని టూల్స్ నాలుగైదు వచ్చి పడతాయి, అక్కడ కంగారు. విసుగుకూ కంగారుకూ మధ్య నేర్చుకోవడానికి చోటు మిగలదు.

మీకు చేత్తో లెక్క కట్టడం వచ్చిన ఒక చిన్న సమస్యను ఎంచుకోండి. దాన్ని ముందు మీ పాత భాషలో రాయండి, తర్వాత కొత్త భాషలో రాయండి. జవాబు ముందే తెలుసు కాబట్టి పొరపాటు మీ ఆలోచనలో ఉందా, కొత్త భాష తీరులో ఉందా అన్నది వెంటనే తేలిపోతుంది. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క పద్ధతి గురించే.

ముందు మీరు వదిలేసిన సంవత్సరం రాసుకోండి

కాగితం మీద ఆ సంవత్సరం వేసుకుంటే, ఆ తర్వాత ఏమేం వచ్చాయో లెక్క తేలుతుంది. భయం కూడా కొలతలోకి వస్తుంది.

2008కి ముందే వదిలేసి ఉంటే మీరు చూడనివాటిలో ముఖ్యమైనవి గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను వరుసగా భద్రపరిచే టూల్), గిట్‌హబ్ (ఆ కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే సైట్), పైథాన్ 3. గిట్‌ను లినక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే రాశారు గానీ, మన కంపెనీల్లో మామూలు విషయం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పైథాన్ 3 2008 చివర్లో వచ్చింది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అందుకే అటక మీద ఉన్న పాత పైథాన్ పుస్తకాన్ని దించకండి. అందులో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా ఉంటే అది పాత పైథాన్.

2014కు ముందు వదిలేసిన జావావాళ్ళకు జావా 8 కొత్త. లాంబ్డాలు, అంటే పేరు పెట్టకుండా రాసే చిన్న ఫంక్షన్లు, అందులోనే వచ్చాయి. 2017 నుంచి జావా ఆరు నెలలకో వెర్షన్ విడుదల చేస్తోంది. నంబర్ పెద్దగా కనిపిస్తే బెదిరిపోకండి. జావా 17, 21, 25 లాంటి ఎక్కువ కాలం మద్దతు ఉండేవాటినే పట్టించుకుంటే చాలు. జావాస్క్రిప్ట్ కూడా 2015లో బాగా మారింది. లెట్, కాన్‌స్ట్, యారో ఫంక్షన్లు అప్పటివే. విజువల్ స్టూడియో కోడ్ అనే ఉచిత ఎడిటర్, రస్ట్ భాష మొదటి స్థిర వెర్షన్ కూడా అదే ఏడాది వచ్చాయి. ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో సహా ఒకే ప్యాకెట్‌గా కట్టే డాకర్ 2013లో వచ్చింది.

2022 నవంబరుకు ముందు వదిలేసి ఉంటే చాట్‌జీపీటీ లాంటి ఏఐ సహాయకులు మీకు కొత్త. వాటి గురించి కింద విడిగా చెబుతాను.

మారనివి కూడా రాసుకోండి. లూపులు, కండిషన్లు, ఫంక్షన్లు, అర్రేలు, రికర్షన్, డేటాబేస్‌లో జాయిన్లు. ఎస్‌క్యూఎల్ 1970ల నాటి భాష. మీరు అప్పట్లో రాసిన సెలెక్ట్ క్వెరీలు ఈ రోజుకీ దాదాపు అలాగే పనిచేస్తాయి. ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ గ్రూప్ బై అడుగుతూనే ఉన్నారు. మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఈ మాట ధైర్యం చెప్పడానికి అనడం లేదు, వాస్తవం అది.

చీటీ లెక్క కాగితం మీద వేయండి

చీటీ లెక్కనే ఎందుకు ఎంచుకున్నానంటే, మన ఇళ్ళల్లో దాని గురించి తెలియనివాళ్ళు తక్కువ. అందులో గుణకారం, భాగహారం, శాతం, మిగులు, ప్రత్యేక సందర్భాలు అన్నీ ఉన్నాయి. చూడ్డానికి చిన్నది, లోపల విషయం ఉన్నది.

లక్ష రూపాయల చీటీ. 20 మంది సభ్యులు, నెలకు ఒక్కొక్కరు 5,000 కడతారు. ఈ నెల పాట 25,000కు పోయింది. అంటే పాడుకున్నవారికి 75,000 వస్తాయి. నిర్వాహకుల కమిషన్ 5 శాతం, అంటే 5,000. మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచితే తలా 1,000 డివిడెండ్. కాబట్టి ఈ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది 4,000.

దీంతో పాటు మరో మూడు సందర్భాలకు కూడా చేత్తో జవాబు రాసి పెట్టుకోండి. పాట 23,450కి పోతే? కమిషన్ పోగా 18,450. తలా 922 రూపాయల 50 పైసలు. పైసలు వదిలేస్తే 10 రూపాయలు మిగిలిపోతాయి. అవి ఎవరివి? చివరి నెల పాడేవాళ్ళు ఒక్కరే ఉంటారు, పోటీ లేదు. అప్పుడు కమిషన్ మాత్రమే తీస్తారు, డివిడెండ్ సున్నా. ఎవరైనా పొరపాటున పాట 4,990 అని టైప్ చేస్తే? కమిషన్‌కే సరిపోదు, ప్రోగ్రామ్ దాన్ని ఒప్పుకోకూడదు.

ఈ కాగితాన్ని పారేయకండి. ఇకపై మీరు ఏ భాష నేర్చుకున్నా దీనితోనే సరిచూసుకుంటారు.

పాత భాషలో ఒకసారి రాయండి

కొత్త భాషకు దూకే ముందు రెండు మూడు రోజులు మీ పాత భాషకు ఇవ్వండి. వేళ్ళకు అలవాటు తిరిగి వస్తుంది. "నాకు ఇంకా వచ్చు" అని మీకే తెలుస్తుంది. దీన్ని దాటేసినవాళ్ళు కొత్త భాషలో ఎదురైన ప్రతి ఎర్రర్‌నూ తమ చేతకానితనం కింద వేసుకుంటారు.

సి అయితే టర్బో సి కోసం వెతక్కండి. ఇప్పటి కంప్యూటర్ మీద అది నడవాలంటే డాస్‌బాక్స్ లాంటిది పెట్టాలి, దానివల్ల లాభం లేదు. జీసీసీ కంపైలర్ వేసుకోండి, లేదంటే బ్రౌజర్‌లోనే నడిచే ఆన్‌లైన్ కంపైలర్ వాడండి. కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్, గెట్‌సిహెచ్ అక్కడ పనిచేయవు, తీసేయండి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయండి. అంతే మార్పు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. టర్బో సిలో ఇంట్ 16 బిట్లు, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. అంటే 20ని 5,000తో గుణించి ఇంట్‌లో పెడితే లక్షకు బదులు మైనస్ 31,072 వచ్చేది. కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటి వింత జవాబులు చూసి "కంప్యూటర్ పాడైంది" అనుకున్నవాళ్ళు ఎంతమందో. ఇప్పటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు, 214 కోట్లు దాటేవరకు ఇబ్బంది లేదు. పాత ప్రోగ్రామే కొత్త కంపైలర్‌లో సరైన జవాబు ఇస్తుంటే ఎందుకో మీరు వివరించగలగాలి. ఆ వివరణ ఇవ్వగలిగితే మీ పునాది చెక్కుచెదరలేదని అర్థం.

జావా అయితే కొత్త జేడీకే వేసుకోండి. ఒకే ఫైల్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను ముందు జావాసీతో కంపైల్ చేయనవసరం లేదు. జావా 11 నుంచి జావా అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇస్తే నేరుగా నడుస్తుంది. ముందు మీకు గుర్తున్న పాత పద్ధతిలోనే రాసి నడిపించండి. తర్వాత అదే క్లాస్‌ను రికార్డ్‌గా మార్చి చూడండి. గెట్టర్లు, కన్‌స్ట్రక్టర్ రాసే శ్రమ ఎంత పోయిందో కళ్ళారా కనిపిస్తుంది. రికార్డులు జావా 16లో స్థిరపడ్డాయి.

విజువల్ బేసిక్ 6 వాళ్ళకు మాత్రం నా సలహా వేరు. దాని ఎడిటర్‌కు మైక్రోసాఫ్ట్ 2008లోనే మద్దతు ఆపేసింది, దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి సమయం పెట్టకండి. ఎక్సెల్ తెరిచి మ్యాక్రోలో రాయండి. అక్కడి మ్యాక్రో భాష విబిఏ మీ పాత భాషకు చాలా దగ్గర.

కొత్త భాష ఒక్కటే ఎంచుకోండి

"ఇప్పుడు ఏ భాషకు డిమాండ్ ఉంది?" అని అందరినీ అడుగుతూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మీరు ఏం చేయాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి తేల్చేయండి.

మీరు జావావాళ్ళై, జావా ఉద్యోగమే కావాలనుకుంటే కొత్త భాష అవసరమే లేదు. కొత్త జావా నేర్చుకోండి, తర్వాత జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్. ఇది చాలామందికి నచ్చని సలహా, ఎందుకంటే కొత్తదనం కనిపించదు. కానీ మీ పాత అనుభవానికి పూర్తి విలువ దక్కేది ఇక్కడే.

డేటా, రిపోర్టులు, టెస్టింగ్, ఆఫీసు పనులను ఆటోమేట్ చేయడం, ఏఐ వైపు వెళ్ళాలంటే పైథాన్. వెబ్ పేజీలు, యాప్‌లు చేయాలంటే జావాస్క్రిప్ట్, ఆ వెంటనే దానికి టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్. జావా, సి షార్ప్ తెలిసినవాళ్ళకు టైప్‌స్క్రిప్ట్ చాలా హాయిగా ఉంటుంది. దాని వెనక ఉన్న ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ అంతకుముందు టర్బో పాస్కల్, డెల్ఫీ, సి షార్ప్ వెనక ఉన్న మనిషే. గో, రస్ట్ మంచి భాషలు. వాటిని రెండో విడతలో తీసుకోండి. ముఖ్యంగా రస్ట్ దగ్గర ఓనర్‌షిప్ అనే భావన అర్థం కావడానికి సమయం పడుతుంది. చాలా ఏళ్ళ విరామం తర్వాత మొదటి మెట్టుగా అది అలసట తెప్పిస్తుంది.

ఏదీ తేల్చుకోలేకపోతే పైథాన్ తీసుకోండి. ఇక్కడి నుంచి ఉదాహరణలు అందులోనే చెబుతాను.

అదే లెక్క పైథాన్‌లో

కంప్యూటర్‌లో ఏదీ వేసుకోకుండానే మొదలుపెట్టాలంటే బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరవండి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ కూడా ఈ పనులకు సరిపోతుంది. కొత్తది కొనేదాకా ఆగకండి. సొంత కంప్యూటర్‌లో పైథాన్ వేసుకుంటే, విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్‌కు చేర్చమనే గడిలో టిక్ పెట్టండి. అది మరిచిపోతే తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ దొరకడం లేదన్న ఎర్రర్ వస్తుంది.

పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఈ కింది వరుసలను ఉన్నవి ఉన్నట్టు టైప్ చేయండి, నడుస్తాయి.

సభ్యులు = 20
చందా = 5000
పాట = 25000
చీటీ = సభ్యులు * చందా
కమిషన్ = చీటీ * 5 // 100
డివిడెండ్ = (పాట - కమిషన్) // సభ్యులు
కట్టాల్సింది = చందా - డివిడెండ్
కట్టాల్సింది

చివరి వరుసలో ఊరికే పేరు రాస్తే కోలాబ్ దాని విలువ చూపిస్తుంది. 4000 అని రావాలి. ఉద్యోగంలో పేర్లు ఇంగ్లీషులోనే పెట్టాలి, ఎందుకంటే ఆ కోడ్ తెలుగు రానివాళ్ళు కూడా చదవాలి. ఇంట్లో నేర్చుకునేటప్పుడు మాత్రం తెలుగు పేర్లు హాయిగా వాడుకోండి. పైథాన్ సొంత పదం ఏది, మీరు పెట్టుకున్న పేరు ఏది అన్నది చూడగానే తెలిసిపోతుంది. ఈ సౌకర్యం టర్బో సి రోజుల్లో ఊహకు కూడా అందలేదు.

ఇప్పుడు కాగితం తీయండి. పాటను 23450 చేసి మళ్ళీ నడిపించండి. డివిడెండ్ 922 వస్తుంది. డివిడెండ్ వరుసలో రెండు గీతలకు (//) బదులు ఒకే గీత (/) పెట్టి భాగించండి, 922.5 వస్తుంది. సి, జావాల్లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే పైసలు రాలిపోతాయి. పైథాన్ 3లో ఒక గీత పెడితే ఎప్పుడూ దశాంశమే వస్తుంది. పాత భాష అలవాటు మిమ్మల్ని మొదట పట్టుకునేది ఇక్కడే.

తర్వాత పాట 4990 పెట్టండి. కమిషన్ తీస్తే మైనస్ 10. దాన్ని 20తో భాగిస్తే పైథాన్ రెండు గీతలతో మైనస్ 1 ఇస్తుంది, ఎందుకంటే అది కింది పూర్ణాంకానికి దింపుతుంది. జావాలో, సిలో అదే లెక్కకు సున్నా వస్తుంది, అవి సున్నా వైపుకు కోసేస్తాయి. ఆలోచించండి. జావా ప్రోగ్రామ్‌లో తప్పు పాట ఇచ్చినా డివిడెండ్ సున్నా అని, చివరి నెల లెక్కలా, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పైథాన్‌లో సభ్యులు ఒక రూపాయి ఎక్కువ కట్టాల్సి వస్తుంది. రెండూ తప్పే. రెండింటిలోనూ పాట కమిషన్ కన్నా తక్కువైతే ఆపేసే ఇఫ్ కండిషన్ ముందే రాయాలి. నలభై గంటల వీడియోల్లో మీకు దొరకని పాఠం ఈ ఒక్క అంకెలో దొరుకుతుంది.

ఇలా తేడా కనిపించిన ప్రతిసారీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎడమవైపు పాత భాష, కుడివైపు కొత్త భాష. జావాస్క్రిప్ట్‌కు వెళ్ళినప్పుడు అందులో మామూలు సంఖ్యలన్నీ ఒకే రకం, 18450ని 20తో భాగిస్తే 922.5 అని రాస్తారు. గోలో ఫంక్షన్ లోపల ఒక వేరియబుల్ పెట్టి వాడకపోతే కంపైల్ కాదని రాస్తారు. ఏ భాషలోనైనా సరే, డబ్బు లెక్కలకు దశాంశాలు వాడకుండా అన్నీ పైసల్లోకి మార్చుకుని పూర్ణాంకాలుగా ఉంచుకోవడం మేలని కూడా రాసుకోండి. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, చేసి చూడండి.

ఆ నోటుబుక్కే మీకు అసలైన పాఠ్యపుస్తకం. మీకు ఏం తెలుసో, ఏం తెలియదో అందులో ఉన్నంత కచ్చితంగా మరే కోర్సులోనూ ఉండదు.

రెండో వ్యాయామం: తెలుగు అనే పదంలో ఎన్ని అక్షరాలు?

అంకెల తర్వాత పదాల వంతు. "తెలుగు" పొడవు ఎంత అని పైథాన్‌ను లెన్‌తో అడగండి. మనకు కనిపించేవి మూడు అక్షరాలు. పైథాన్ 6 అంటుంది. జావా, జావాస్క్రిప్ట్ కూడా 6 అంటాయి. గో, రస్ట్ భాషల్లో లెన్ అడిగితే 18 వస్తుంది.

అన్ని భాషల లిపులకూ నంబర్లు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో త ఒకటి, ఎత్వం ఒకటి. అలా మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6. ఆ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి కాబట్టి 18. గో, రస్ట్ బైట్లు లెక్కపెడుతున్నాయి. ఇప్పుడు "క్షే" వేసి చూడండి. కంటికి ఒక్క అక్షరం, పైథాన్‌కు 4.

మీరు కోడ్ వదిలేసే నాటికి స్ట్రింగ్ అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో బైట్ అని మనసులో పడిపోయి ఉంటే, ఆ అభిప్రాయం పోవడానికి ఇంతకన్నా మంచి వ్యాయామం లేదు. పేరును పది అక్షరాలకు కత్తిరించే ఒక ఫంక్షన్ రాసి, తెలుగు పేర్లు ఇచ్చి చూడండి. గుణింతం సగంలో తెగిపోయి పేరే మారిపోతుంది. తెలుగు పేర్లను ఇలా పాడుచేసే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు ఎక్కువైతేనే అవి బాగుపడతాయి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం.

గిట్‌ను మొదటి వారంలోనే పట్టుకోండి

పాత రోజుల్లో ఫోల్డర్‌ను జిప్ చేసి తేదీ వేసి దాచుకున్నవాళ్ళు, విజువల్ సోర్స్‌సేఫ్ వాడినవాళ్ళు ఎక్కువగా తడబడేది భాష దగ్గర కాదు, గిట్ దగ్గరే. దీన్ని తర్వాత చూద్దామని పక్కన పెట్టకండి. మీ చీటీ ఫోల్డర్‌లోనే నేర్చుకోండి.

ఎడిటర్‌లోని బటన్లు కాకుండా టెర్మినల్‌లో కమాండ్లే టైప్ చేయండి. గిట్ ఇనిట్ కొడితే ఆ ఫోల్డర్ మీద గిట్ కన్ను వేస్తుంది. గిట్ యాడ్ ఫలానా ఫైల్‌ను సిద్ధం చేస్తుంది. గిట్ కమిట్ ఆ క్షణపు స్థితిని ఒక చిన్న సందేశంతో భద్రం చేస్తుంది. గిట్ లాగ్ ఇప్పటివరకు చేసినవన్నీ చూపిస్తుంది. ఏం జరుగుతోందో తెలియకపోతే గిట్ స్టేటస్ కొట్టండి, అది చెప్పే మాటలు ఓపికగా చదవండి. మొదటి వారానికి ఈ ఐదు చాలు. తర్వాత కావాలనే ఫైల్‌ను పాడుచేసి వెనక్కి తెచ్చుకోవడం సాధన చేయండి. ఒకసారి అలా తిరిగి తెచ్చుకున్నారంటే భయం పోతుంది.

గిట్‌హబ్‌కు పంపేటప్పుడు చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. గిట్ పుష్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది, సరైనదే ఇస్తారు, అయినా ఒప్పుకోదు. 2021 ఆగస్టు నుంచి గిట్‌హబ్ అక్కడ ఖాతా పాస్‌వర్డ్‌ను తీసుకోవడం లేదు. పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ సైట్‌లో తయారుచేసుకునే టోకెన్ గానీ, మీ కంప్యూటర్‌ను గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ కీ గానీ కావాలి. పాత పాఠాల్లో మాస్టర్ అని కనిపించే బ్రాంచ్ ఇప్పుడు గిట్‌హబ్‌లోని కొత్త రిపోల్లో (ప్రాజెక్టు ఫోల్డర్లలో) మెయిన్ అని ఉంటుంది. ఈ రెండూ ముందే తెలిస్తే ఒక సాయంత్రం మిగులుతుంది.

సభ్యుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం గిట్‌హబ్‌లోకి ఎక్కించకండి. తర్వాత తీసేసినా పాత కమిట్‌లలో అవి అలాగే ఉండిపోతాయి.

ఏఐ సహాయకులను ఎలా వాడాలి

చీటీ లెక్క రాసి ఇమ్మంటే ఏ ఏఐ అయినా నిమిషంలో రాసి ఇస్తుంది. అది కాపీ చేస్తే ప్రోగ్రామ్ వస్తుంది గానీ మీకు చదువు రాదు. నేర్చుకునే దశలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: మొదటి ప్రయత్నం మీ చేత్తోనే జరగాలి. నడిచినా నడవకపోయినా సరే.

ఆ తర్వాత అడగండి. "ఈ ఎర్రర్ ఎందుకు వచ్చిందో చెప్పు, సరిచేసిన కోడ్ ఇవ్వకు." "నేను జావా ప్రోగ్రామర్‌ని, పైథాన్ లిస్ట్ కాంప్రహెన్షన్‌ను జావా స్ట్రీమ్‌తో పోల్చి వివరించు." "నా కోడ్‌లో పైథాన్‌వాళ్ళు ఇలా రాయరు అనిపించే చోట్లు చూపించు." తిరిగి వచ్చేవాళ్ళకు ఇదొక వరం. ఇంతకుముందు ఇలాంటి ప్రశ్నలు అడగాలంటే పక్క సీటులో ఓపికగల సీనియర్ ఉండాలి. ఇప్పుడు రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక కూడా మొహమాటం లేకుండా అడగొచ్చు. తెలుగులో అడిగినా జవాబు వస్తుంది.

కానీ అది లేని ఫంక్షన్‌ను ఉన్నట్టు, తప్పు జవాబును సరైనదన్నట్టు ధీమాగా చెప్పగలదు. అది ఏం రాసి ఇచ్చినా మీ కాగితం మీది నాలుగు సందర్భాలతో నడిపించి చూడండి. 4,990 పాటకు అది రాసిన కోడ్ ఏం చేస్తుందో ముఖ్యంగా చూడండి. ఆ నాలుగింటినీ ప్రోగ్రామ్‌లోనే అసర్ట్‌లుగా, అంటే జవాబు తప్పైతే అక్కడే ఆపేసే వరుసలుగా, రాసి పెట్టుకుంటే, కోడ్ మార్చిన ప్రతిసారీ అవే సరిచూస్తాయి. టెస్ట్ రాయడం అంటే ఇదే. మీరు వదిలేసే నాటికి టెస్టింగ్ వేరే టీమ్ పని అయి ఉండొచ్చు, ఇప్పుడు చాలాచోట్ల కోడ్ రాసినవాళ్ళే టెస్టులు కూడా రాస్తున్నారు.

సమయం ఎక్కడిది?

వారానికి ఒక ఆదివారం ఆరు గంటలు కూర్చోవడం కన్నా రోజూ ముప్పావు గంట మేలు. మధ్యలో ఆరు రోజుల ఎడం వస్తే సగం సమయం పోయినసారి ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడానికే పోతుంది. లేచేముందు రేపు చేయాల్సిన పనిని కోడ్‌లోనే ఒక కామెంట్‌గా రాసి లేవండి. ఫెయిలవుతున్న ఒక టెస్ట్‌ను అలాగే వదిలి లేస్తే ఇంకా మంచిది. మర్నాడు కూర్చోగానే ఏం చేయాలో అదే చెబుతుంది.

ఒక ఎర్రర్ మీద అరగంట దాటితే ఆపేసి, దాన్ని ఒక వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. రాస్తుండగానే చాలాసార్లు జవాబు తడుతుంది. పాతికేళ్ళ కుర్రాళ్ళు వేగంగా టైప్ చేస్తుంటే చూసి టెన్షన్ పడకండి. 922.5లో మిగిలిన పది రూపాయలు ఎవరివి అని అడగాలని తట్టడం అనుభవం ఉన్నవాళ్ళకే సులువు.

ఇంట్లోవాళ్ళకు ఆ ముప్పావు గంట ఎప్పుడో చెప్పి పెట్టండి. మన ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో, లోపల కూర్చుని ల్యాప్‌టాప్ చూస్తున్నారంటే ఖాళీగా ఉన్నారనుకుంటారు. అది పని సమయం అని ముందే, సౌమ్యంగా, స్పష్టంగా చెప్పడం అవసరం.

లెక్కను పెంచుకుంటూ వెళ్ళండి

ఒక నెల లెక్క సరిగ్గా వచ్చాక ఇరవై నెలలకూ లూప్ పెట్టండి. తర్వాత ఎవరు కట్టారు, ఎవరు బాకీ అన్నది దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడండి. అది పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా సర్వర్ అక్కర్లేదు. మీ పాత ఒరాకిల్ జ్ఞానమంతా ఇక్కడ పనికొస్తుంది. ఆ తర్వాత ఫ్లాస్క్ అనే పైథాన్ లైబ్రరీతో ఒక చిన్న వెబ్ పేజీ చేయండి. బయటి లైబ్రరీ వాడే ముందు వెన్వ్‌తో ఈ ప్రాజెక్టుకు విడిగా ఒక పైథాన్ వాతావరణం చేసుకోండి. లేకపోతే ఒక ప్రాజెక్టు కోసం వేసిన వెర్షన్ ఇంకోదాన్ని చెడగొడుతుంది.

అక్కడికి వచ్చాక రెండో కొత్త భాషకు వెళ్ళొచ్చు. మళ్ళీ కాగితం, మళ్ళీ అదే చీటీ. రెండో భాష మొదటిదానికన్నా తొందరగా వస్తుంది, ఎందుకంటే గిట్, టెర్మినల్, టెస్టులు అప్పటికే మీ చేతిలో ఉంటాయి.

ఉద్యోగం కోసమైతే

విరామాన్ని దాచకండి. ఆ ఖాళీని నకిలీ అనుభవంతో నింపి ఇస్తామనేవాళ్ళు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. అటు వెళ్ళొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. బయటపడకపోయినా చేయని పని గురించి రోజూ అబద్ధం చెబుతూ బతకాలి. "2012 నుంచి 2024 వరకు కుటుంబ బాధ్యతల వల్ల విరామం" అని ఒక్క వరుసలో, మీ సంవత్సరాలతో, సూటిగా రాయండి. విరామం తర్వాత తిరిగి వచ్చేవాళ్ళ కోసం కొన్ని కంపెనీలు రిటర్న్‌షిప్ పేరుతో ప్రత్యేక అవకాశాలు ఇస్తున్నాయి, వాటిని వెతకండి. అమెరికాలో హెచ్4 వీసా మీద ఉన్నవాళ్ళు, భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రక్రియ ఏ దశలో ఉందో చూసుకోండి. ఆ దశను బట్టి 2015 నుంచి కొంతమందికి పని అనుమతి దొరుకుతోంది. అనుమతి చేతికి రాకముందు నేర్చుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇంటర్వ్యూలో "ఇన్నేళ్ళు దూరంగా ఉన్నారు కదా" అన్నప్పుడు కోర్సుల పేర్లు చదవకండి. చీటీ ప్రోగ్రామ్ తెరిచి, మైనస్ 10ని 20తో భాగిస్తే జావా సున్నా అని, పైథాన్ మైనస్ 1 అని ఎందుకు చెబుతాయో, దాన్ని మీరు ఎలా అడ్డుకున్నారో చూపించండి. ఆ రిపోలో రీడ్‌మీ ఫైల్ తప్పకుండా ఉండాలి. చీటీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు, నడిపించే పద్ధతి, ఇంకా పూర్తి కానివాటి జాబితా అందులో రాయండి. రెజ్యూమేలో విరామం రాసిన వరుస కిందే ఆ లింకు పెట్టండి.